అరుదుగా వాడే ఇంక్‌జెట్ ప్రింటర్‌లో హెడ్ పట్టేయకుండా ఏం చేస్తున్నారు?

కొత్తపేట రైతు:
అందరికీ నమస్కారం. ఆన్‌లైన్ తరగతుల కోసం 2020లో కొన్న ట్యాంకు ప్రింటర్ (సీసాతో ఇంకు నింపుకునేది) ఒకటి మా ఇంట్లో ఉంది. పిల్లలు ఉద్యోగాలకు హైదరాబాదు వెళ్లిపోయాక దానితో పని బాగా తగ్గింది. ఎప్పుడైనా అడంగల్ కాపీ, ఆధార్ నకలు, కొబ్బరి దింపు లెక్కలు తీసుకోవడమే. మొన్న మా మేనకోడలి పెళ్లి ఫొటో తీస్తే, పందిరికి కట్టిన అరటి ఆకులు పసుపు రంగులో వచ్చాయి, నలుపు అక్షరాలు మాత్రం చక్కగానే పడుతున్నాయి. వాడకం పెంచకుండా దీన్ని కాపాడుకునే మార్గం ఉందా? పని అయ్యాక గోడకున్న స్విచ్ కట్టేయడం మా ఇంట్లో అలవాటు.

మరమ్మతు బల్ల (రాజమహేంద్రవరం):
ఆకులు పసుపుగా వచ్చాయంటే నీలం నాజిళ్లు, అంటే ఇంకు చిమ్మే హెడ్ అనే భాగంలోని సన్నని రంధ్రాలు, మూసుకుపోయాయని అర్థం. ఎందుకంటే ప్రింటర్ ఆకుపచ్చను నీలం, పసుపు కలిపే తయారు చేస్తుంది. నాజిల్ రంధ్రం తలవెంట్రుక మందం కంటే సన్నగా ఉంటుంది, ఇంకులో అధిక భాగం నీరే. రంధ్రం నోటి దగ్గర ఆ నీరు ఆవిరైతే, మిగిలినది ముందు చిక్కబడి, తరువాత జిగురై, చివరికి పొరలా గట్టిపడుతుంది. అందుకే ప్రింటర్ పని ముగించినప్పుడల్లా హెడ్‌ను పక్కకు, చాలా మోడళ్లలో కుడి చివరకు, తీసుకువెళ్లి ఒక రబ్బరు మూత మీద కూర్చోబెడుతుంది. హెడ్ ఆయుష్షు చాలా వరకు ఆ మూత మీదే ఆధారపడి ఉంటుంది. ప్రింటర్ మీదున్న బటన్‌తో ఆపితే ఈ పని పూర్తవుతుంది. హెడ్ కదులుతుండగా గోడ స్విచ్ కట్టేసినా, మధ్యలో కరెంటు పోయినా, అది దారిలోనే ఆగిపోయి నాజిళ్లన్నీ గాలికి తెరుచుకుని ఉంటాయి. అలా వారం పది రోజులు ఉన్న ప్రింటర్లే నా దగ్గరకు ఎక్కువగా వస్తాయి. రోజూ వాడకపోవడం కంటే సరిగా మూతపడకపోవడమే పెద్ద కారణమని నేను అంటాను. కరెంటు పోయి వచ్చాక, ప్రింట్ అవసరం లేకపోయినా, ఒకసారి ఆన్ చేసి బటన్‌తోనే ఆపండి.

పాలకొల్లు నుంచి:
అది నిజమే గానీ, ఉరుములు మెరుపులు మొదలైతే ప్లగ్గు పీకకుండా ఉండగలమా? మా వీధిలో పిడుగు పడి టీవీలు, రౌటర్లు పోయిన ఇళ్లున్నాయి.

మరమ్మతు బల్ల (రాజమహేంద్రవరం):
పీకవచ్చండీ, పీకాలి కూడా. ముందు బటన్ నొక్కి, లోపలి చప్పుడు ఆగి, దీపం పూర్తిగా ఆరిన తరువాత ప్లగ్గు తీయండి. మూతపడిన హెడ్‌కు ప్లగ్గు లేకపోవడం వల్ల నష్టం లేదు. ఇన్వర్టర్ ఉన్నవారు ఇంక్‌జెట్‌ను దాని మీద పెట్టుకుంటే ఇంకా మంచిది, ఎందుకంటే అది చాలా తక్కువ కరెంటుతో నడుస్తుంది. లేజర్ ప్రింటర్‌ను మాత్రం చిన్న యూపీఎస్‌కు తగిలించవద్దు. కాగితాన్ని వేడి చేసే భాగం ఒక్కసారిగా లాగే కరెంటును అది తట్టుకోలేదు.

భీమవరం టీచరు:
నేను శనివారం సాయంత్రం ఒక పేజీ తీస్తాను. నాజిల్ చెక్ పేజీ (ప్రతి రంగు గీతలతో ప్రింటర్ తీసే పరీక్ష పేజీ) ఇందుకు బాగా సరిపోతుంది, ఎందుకంటే నాలుగు రంగులూ పలుకుతాయి, ఖర్చయ్యే ఇంకు మాత్రం అతి తక్కువ. పూర్తి ఫొటో తీయనక్కరలేదు. అయితే ఒక్క సంగతి గమనించండి: సెట్టింగుల్లో గ్రేస్కేల్ పెట్టి నెలల తరబడి నలుపు పేజీలే తీస్తూ, ప్రింటర్ వాడుతూనే ఉన్నాం కదా అనుకునేవారు మా పాఠశాలలో కూడా ఉన్నారు. ఆ పేజీలతో నలుపు నాజిళ్లు ఆడుతాయి గానీ రంగుల నాజిళ్లు ఆడవు. కొత్తపేట గారి ఇంట్లో నలుపు బాగుండి నీలం పోవడానికి ఇదీ ఒక కారణం కావచ్చు.

అంబాజీపేట కొబ్బరి:
మన డెల్టాలో ఏడాదిలో ఎక్కువ కాలం గాలిలో తేమ ఉండటం హెడ్‌కు మేలే చేస్తుంది. కష్టమంతా దాళ్వా కోతలయ్యి కాలువలు కట్టేసిన తరువాత, వడగాలులు వీచే రోజుల్లోనే. అప్పుడు వారానికి ఒక పేజీ చాలదు, రెండు తీయడం మంచిదని నా అభిప్రాయం. ఏసీ గదిలో పెట్టినా గాలి పొడిబారుతుందని మరిచిపోకండి. వానాకాలంలో ఇబ్బంది వేరు: ట్రేలో వదిలేసిన కాగితం తేమ పీల్చి, రెండు మూడు అంటుకుని ఒకేసారి లోపలికి పోతాయి. కాగితాన్ని కవరులో దాచి, కావలసినప్పుడే పెట్టుకోవాలి.

ఇక మా ఊరి సమస్య కొబ్బరి పీచు పొట్టు, రైసు మిల్లుల దగ్గర ఉన్నవారికి ఊక బూడిద. ఆ నలుసులు రబ్బరు మూత అంచు మీద పేరుకుంటే, హెడ్ దాని మీద కూర్చున్నా గాలి చొరబడుతుంది. ప్రింటర్ మీద ఎప్పుడూ గుడ్డ కప్పి ఉంచండి. మూత అంచును తుడవాలంటే, దూది ఊడని మెత్తటి గుడ్డను బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్‌తో తడిపి తుడవండి. బోరు నీళ్లు వద్దు. మన తీరంలో వాటి ఉప్పు ఎలాంటిదో బిందె అడుగు చూస్తేనే తెలుస్తుంది.

కొత్తపేట రైతు:
అందరికీ కృతజ్ఞతలు. ప్రింటర్‌లోనే ఉండే హెడ్ క్లీనింగ్ ఎన్నిసార్లు చేయవచ్చు? సిరంజితో మందు ఎక్కించి శుభ్రం చేస్తామని ఒక దుకాణంలో అన్నారు.

తణుకు సాంకేతికం:
ముందు మీ హెడ్ ఏ రకమో తెలుసుకోండి. హెచ్‌పీ చిన్న కార్ట్రిడ్జ్‌లలో హెడ్ కార్ట్రిడ్జ్‌కే ఉంటుంది, అది పాడైతే కార్ట్రిడ్జ్‌తో పాటే మారిపోతుంది. కెనాన్ జీ శ్రేణి ట్యాంకు ప్రింటర్లలో చాలా వాటికి హెడ్ విడిగా ఊడివస్తుంది. ఎప్సన్ ఎల్ శ్రేణిలో హెడ్ ప్రింటర్‌లోనే బిగించి ఉంటుంది కనుక, అక్కడ సిరంజి ప్రయోగం చివరి దశలో, అనుభవం ఉన్న చేతులతో మాత్రమే జరగాలి. ఒత్తిడి ఎక్కువైతే బాగున్న నాజిళ్లు కూడా పోతాయి.

క్లీనింగ్ విషయానికి వస్తే, అది ఇంకును హెడ్ గుండా లాగి అడుగున వాడేసిన ఇంకును పీల్చుకునే వేస్ట్ ప్యాడ్‌లోకి పంపుతుంది. ప్రతిసారీ ఇంకు ఖర్చవుతుంది, ప్యాడ్ నిండుతుంది. నిండిందని ప్రింటర్ లెక్కగట్టిన రోజున అది పని ఆపేస్తుంది. రెండు మూడు సార్లు చేసినా చెక్ పేజీలో గీతలు తిరిగి రాకపోతే, బటన్‌తో ఆపి కనీసం 12 గంటలు వదిలేయండి. ఆ వ్యవధిలో కొత్త ఇంకు గట్టిపడిన పొరను నానబెడుతుంది, అందువల్ల వరుసగా చేసిన క్లీనింగుల కంటే ఈ విరామమే ఎక్కువ పని చేస్తుంది. ఇంకును ఇంకా ఎక్కువగా లాగే పవర్ క్లీనింగ్ అనే ఎంపికకు వెళ్లేముందు ప్రతి ట్యాంకులోనూ కనీసం మూడో వంతు ఇంకు ఉందో లేదో చూసుకోండి, లేకపోతే ట్యాంకుల నుంచి హెడ్‌కు వెళ్లే గొట్టాల్లోకి గాలి చేరుతుంది.

పాలకొల్లు నుంచి:
రంగులు అవసరమే లేనివారు నలుపు లేజర్ ప్రింటర్ కొనుక్కోవడం మేలు కాదా? అందులో ఇంకుకు బదులు వాడే టోనర్ పొడి కనుక ఎండిపోయేదేమీ ఉండదు, నెలల తరువాత ఆన్ చేసినా మొదటి పేజీ బాగానే వస్తుంది.

మరమ్మతు బల్ల (రాజమహేంద్రవరం):
కొత్తగా కొనేవారికి నేనూ అదే చెబుతాను, ఫొటోల మోజు లేకపోతే.

కొత్తపేట రైతు:
రెండుసార్లు క్లీనింగ్ చేసి, బటన్‌తో ఆపి, రాత్రంతా వదిలేశాను. పొద్దున నాజిల్ చెక్‌లో నీలం గీతలు చాలా వరకు వచ్చాయి గానీ, అక్కడక్కడా ఖాళీలున్నాయి. మళ్లీ క్లీనింగ్ చేయమంటారా?

మరమ్మతు బల్ల (రాజమహేంద్రవరం):
వెంటనే వద్దు. ఇంకో చెక్ పేజీ తీసి, రెండు పేజీలనూ పక్కపక్కన పెట్టి చూడండి. ఖాళీలు రెండింటిలోనూ ఒకే చోట ఉంటే అక్కడ ఇంకా పొర ఉందని అర్థం, మరో రాత్రి విరామం ఇచ్చి ఒక్క క్లీనింగ్ చేయండి. ఖాళీలు చోటు మారుతుంటే అది అడ్డు కాదు, గొట్టంలో చేరిన గాలి. దానికి క్లీనింగ్ చేసిన కొద్దీ ఇబ్బంది పెరుగుతుంది గానీ తగ్గదు. నీలం ట్యాంకు నింపి, ప్రింటర్‌ను కదపకుండా ఒకరోజు వదిలేసి, ఆ తరువాత పేజీ తీసి చూడండి.