గుండె కొట్టుకుంటూ ఉండగా మరణాన్ని ఎలా నిర్ధారిస్తారు? అవయవాల సేకరణ క్రమం తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న:
గత నెలలో మా చిన్నాన్నగారి అబ్బాయికి బైకు ప్రమాదంలో తలకు బలమైన దెబ్బ తగలగా, హైదరాబాదులోని ఒక ప్రైవేటు ఆసుపత్రిలో చేర్చాము. మూడో రోజున బ్రెయిన్ డెడ్ అని వైద్యులు తేల్చారు. ఆ తర్వాత కోఆర్డినేటర్ ఒకరు వచ్చి అవయవదానం గురించి మాట్లాడారు. చిన్నమ్మ వాడి అరచేతిని పట్టుకుని, ‘ఒళ్లు వెచ్చగానే ఉంది, ఛాతీ లేస్తూనే ఉంది, పోయాడంటే ఎలా నమ్మేది’ అని అడిగితే ఆమెకు అర్థమయ్యేలా చెప్పినవారు లేరు. చిన్నాన్న సంతకం పెట్టారు. అవయవాల కోసమే తొందరపడి చనిపోయాడని చెప్పారేమోనని ఊళ్లో కొందరు ఇప్పుడు అంటున్నారు. మరణాన్ని ఎవరు నిర్ధారిస్తారు, సంతకం తర్వాత కూడా ఒక రోజుకు పైగా ఎందుకు పట్టింది, ఏ అవయవం ఎవరికి వెళ్లాలో ఎవరు నిర్ణయిస్తారు అన్నవి తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

జవాబు (ఐసీయూలో పన్నెండేళ్లుగా పనిచేస్తున్న నర్సు):
మీ చిన్నమ్మగారు అడిగిన ప్రశ్న సరైనదే. గుండెకు తనంతట తాను కొట్టుకునే శక్తి ఉంది కాబట్టి, ప్రాణవాయువు అందినంతసేపు, మెదడు పూర్తిగా చచ్చిపోయినా అది కొంతకాలం ఆడుతూనే ఉంటుంది. ఊపిరి అలా కాదు. దానికి మెదడు కాండం (మెదడు అడుగున వెన్నుపాముతో కలిసే భాగం) నుంచి ఆజ్ఞ రావాలి. ఆమె చూసిన ఛాతీ కదలిక వెంటిలేటర్‌ది. కోమాలో మెదడు కాండం ఎంతో కొంత పనిచేస్తుంది, కోలుకునే అవకాశం ఉంటుంది. బ్రెయిన్ డెత్‌లో ఆ దారి మూసుకుపోయినట్లే.

పరీక్షలు మంచం పక్కనే జరుగుతాయి. కంటిపాపలో లైటు వేస్తారు, నల్లగుడ్డును దూదితో తాకుతారు, చెవిలో చల్లని నీళ్లు పోసి కళ్లు కదులుతాయేమో గమనిస్తారు, గొంతులోని గొట్టంలోకి సన్నని ట్యూబు పంపి దగ్గు వస్తుందేమో చూస్తారు. అన్నిటికన్నా ముఖ్యమైనది ఆప్నియా పరీక్ష. ప్రాణవాయువు అందిస్తూనే వెంటిలేటర్‌ను తప్పించి, రక్తంలో బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పీడనం 60 మిల్లీమీటర్లకు చేరేదాకా ఆగి, ఆ మనిషి ఒక్క శ్వాసైనా సొంతంగా తీసుకుంటాడేమో కళ్లార్పకుండా చూస్తారు. పెద్దవారిలో కనీసం 6 గంటల ఎడంతో ఇదంతా రెండోసారి చేయాలి. నలుగురు వైద్యులు సంతకం చేయాలి. వారిలో అవయవ మార్పిడి బృందానికి చెందినవారు ఉండకూడదు. ఊళ్లోవారి అనుమానానికి సమాధానం ఈ నిబంధనలోనే ఉంది.

ఒక్కోసారి వేళ్లు అదురుతాయి. అది వెన్నుపాము చేసే పనే గాని, బంధువులను మాత్రం తల్లడిల్లజేస్తుంది. మేము ముందే చెప్పాలి, చాలాసార్లు చెప్పము.

జవాబు (మునుపు అవయవ మార్పిడి కోఆర్డినేటర్‌గా పనిచేసిన వ్యక్తి):
మీకు ఆలస్యంగా కనిపించిన ఆ సమయంలో చాలా పని జరుగుతుంది. మెదడు చచ్చిపోయాక శరీరం నీటిని నిలుపుకోలేదు. మూత్రం సంచి గంట తిరగకుండానే నిండిపోతుంటే, అంత నీటినీ సెలైన్ రూపంలో తిరిగి ఎక్కిస్తూ, రక్తపోటునూ ఒంటి వేడినీ మందులతో, దుప్పట్లతో నిలబెట్టాలి. మరోవైపు రక్తపరీక్షలు, స్కానింగులు జరుగుతాయి. కిడ్నీ తీసుకోబోయేవారి రక్తం దాత కణాలతో సరిపడుతుందో లేదో చూసే క్రాస్‌మ్యాచ్‌కే కొన్ని గంటలు పడుతుంది. రోడ్డు ప్రమాదం కనుక పోలీసులకు తెలియజేసి, పోస్ట్‌మార్టం ఏర్పాట్లూ చూసుకోవాలి.

కేటాయింపును శస్త్రచికిత్స చేసే వైద్యుడు నిర్ణయించడు. తెలంగాణలో అవయవదానాన్ని చూసే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్. నిమ్స్‌లో ఉన్న దాని కార్యాలయం, ఆసుపత్రుల ద్వారా నమోదైన రోగుల జాబితా నుంచి, రక్తం గ్రూపు, నిరీక్షణ కాలం, జబ్బు తీవ్రత, గుండె, కాలేయాల విషయంలోనైతే ఒడ్డూపొడుగూ చూసి పేరు ఖరారు చేస్తుంది. రాష్ట్రంలో సరిపోయేవారు లేకపోతే చెన్నైలోని ప్రాంతీయ సంస్థకు, ఆపైన ఢిల్లీలోని జాతీయ సంస్థకు కబురు వెళ్తుంది. దాత ఉన్న ఆసుపత్రికే మార్పిడి అనుమతి కూడా ఉంటే, కొన్ని అవయవాలలో దాని రోగులకు ముందు అవకాశం దక్కే పద్ధతి ఒకటుంది. అనుమానాలకు తావిస్తున్నది ఈ పద్ధతేనని నా అభిప్రాయం. ప్రతి కేటాయింపునకూ కారణాన్ని, పేర్లు లేకుండానే, బయటపెడితే మంచిది.

శస్త్రచికిత్స మొదలయ్యాక మాత్రం నిమిషాలు లెక్కపెట్టుకోవలసిందే. మంచు పెట్టెలో గుండె సుమారు 4 గంటలు, కాలేయం పది పన్నెండు గంటలు, కిడ్నీలు ఒక రోజుకు పైగా నిలుస్తాయి. అందుకే 2021 ఫిబ్రవరిలో నాగోలు నుంచి జూబ్లీహిల్స్‌కు గుండెను మెట్రో రైలులో చేరవేశారు.

ప్రశ్న అడిగినవారు:
ఇద్దరికీ కృతజ్ఞతలు. ఈ జవాబులను చిన్నమ్మకు చదివి వినిపించాను. చెవిలో నీళ్లు పోసే పరీక్ష దగ్గర ఆపి, మళ్లీ చదవమన్నారు. గుండె ఎవరికి పెట్టారో తెలుసుకోవాలని ఆమె కోరిక. మరొక సంగతి, ఆసుపత్రివారి బిల్లులో సంతకం తర్వాతి ఐసీయూ ఖర్చు కూడా కనిపిస్తోంది. అది మేము కట్టవలసిందేనా?

జవాబు (మునుపటి కోఆర్డినేటరే):
గ్రహీత పేరు చెప్పరు. డబ్బు అడగడాలకూ ఒత్తిళ్లకూ దారితీస్తుందన్న భయంతో రెండు కుటుంబాల వివరాలూ గోప్యంగా ఉంచుతారు. ఆమె కోరిక నాకు అర్థమవుతోంది గాని ఈ నియమం అవసరమైనదే.

బిల్లు సంగతి వేరు. దాత శరీరాన్ని కాపాడటానికీ, అవయవాలను తీసి తరలించడానికీ అయ్యే ఖర్చును దాత కుటుంబం మీద వేయకూడదని 2014 నాటి కేంద్ర నిబంధనలలో ఉంది. దానిని గ్రహీత గాని, ఆసుపత్రి గాని, ప్రభుత్వం గాని భరించాలి. మీ చిన్నాన్నగారు సంతకం చేసిన అంగీకార పత్రం నకలు అడిగి తీసుకోండి. దాని మీది తేదీని, సమయాన్ని బిల్లులోని పద్దులతో పోల్చి, ఆ తర్వాతివి తొలగించమని రాతపూర్వకంగా కోరండి. వారు కాదంటే అవే కాగితాలతో పంజాగుట్టలోని జీవన్‌దాన్ కార్యాలయానికి వెళ్లండి.