అలాఫిన్ అబియోదున్ పాలన: ఓయోకి స్వర్ణయుగమా, పతనానికి తొలిమెట్టా?

పాతకోట:
ఓయో అంటే నేటి నైజీరియాలో ఉండిన యోరుబా రాజ్యం, అలాఫిన్ అంటే దాని రాజు. అబియోదున్ 1789లో పోయాడు. 1796కల్లా తర్వాతి అలాఫిన్ అవోలే తన ప్రాణం తానే తీసుకోవాల్సొచ్చింది. 1830ల మధ్యకి రాజధానే పాడుబడింది. ఇంత త్వరగా కూలిందంటే చెదలు ముందే పట్టాయి. 1774లో పెద్దల సభ నాయకుడు (బసోరున్) గాహాని వదిలించుకున్నాక అబియోదున్ తీరంలోని పోర్టో నోవో రేవు దారిలో బానిసల వ్యాపారం మీద పడి సైన్యాన్ని ఎండగట్టాడు. 1783లో పొరుగున ఉన్న బోర్గు చేతిలో ఓటమి. మరుసటేడు తీరపు రేవు బడాగ్రిని కొట్టడానికి సామంతుడైన దహోమే రాజు మీద ఆధారపడ్డాడు.

గవ్వలమూట:
యోరుబా జనం మాట వేరు: అబియోదున్ కాలంలో డబ్బు సొరకాయ బుర్రతో కొలిచాం, అవోలే కాలంలో మూటాముల్లె సర్దుకున్నాం అంటారు. అక్కడ గవ్వలే డబ్బు, ఆ లెక్కలో 40 గవ్వలు ఒక దండ, 50 దండలకి 2,000, అలాంటివి పది కలిస్తే 20,000 గవ్వల సంచి. లెక్కపెట్టే ఓపిక లేక బుర్రతో కొలిచేంత సిరి అన్నమాట! ఇక సామంతుణ్ణి యుద్ధానికి పంపడం బలహీనత ఎలా అవుతుంది? సామంతులుండేది అందుకేగా.

పాతకోట:
ఆ నానుడి అమ్మినవాళ్లది. అమ్ముడుపోయినవాళ్లది కాదు. లిసాబి అనే నాయకుడి వెనక ఓయో కింది ఎగ్బా ఊళ్లు తిరగబడి, కప్పం వసూలుకి కూర్చున్న ఇలారీలను, అంటే రాజు మనుషులను, చంపింది కూడా ఆ కాలపు మాటే.

ఉత్తరగాలి:
వ్యాపారమా, సైన్యమా అని విడదీస్తే లెక్క తప్పుతుంది. ఓయో బలం గుర్రప్పౌజు. దక్షిణాన త్సెత్సె ఈగ వల్ల గుర్రాలు బతకవు, ఓయోలో కూడా మంద నిలవడం కష్టమే. కాబట్టి ఉత్తరాది నుంచి కొంటూనే ఉండాలి. ఆ కొనుగోలుకి సొమ్ము తీరం వ్యాపారం నుంచే. అంటే తీరం దారి మూస్తే గుర్రాలూ ఆగుతాయి.

అసలు దెబ్బ 1774లోనే తగిలిందని నా లెక్క. ఓయోలో రాజుకి కళ్లెం ఓయో మేసి, అంటే ఏడుగురు పెద్దల సభ. దాని పెద్ద బసోరున్. రాజు వద్దనుకుంటే ఖాళీ బుర్రో చిలక గుడ్లో పంపేవారు, అవి అందాక రాజు బతకకూడదు. గాహా 1754 నుంచి ఈ కళ్లేన్నే కొరడాగా మార్చాడు. అతణ్ణి దించడానికి అబియోదున్ రహస్యంగా కకన్‌ఫో ఒయాబిని కూడగట్టాడు. కకన్‌ఫో అంటే రాష్ట్రాల సేనాని, రాజధానిలో కాపురముండకూడదన్నది కట్టుబాటు. గాహా కొడుకుల్ని ఊరూరా ఒకే రోజున చంపారని, ఒయాబి సైన్యం రాజధానికొచ్చిందని కథనం. గాహా పోయాడు సరే, కానీ బయటి సైన్యం లోపలి తగవు తీర్చగలదని అందరికీ తెలిసిపోయింది.

గవ్వలమూట:
మరి ఇంకేం చెయ్యాలి? రాజధానిలోని బలగం గాహా చేతిలో ఉంది కదండీ.

ఉత్తరగాలి:
వేరే దారి లేదనే నేనూ ఒప్పుకుంటా. తప్పు గెలిచాక జరిగింది: కకన్‌ఫోకి కళ్లెం వెయ్యలేదు. అవోలే కాలంలో ఆ పదవిలోకొచ్చిన ఇలోరిన్ ఊరి అఫోంజాని ఇవెరె అనే ఊరి మీదికి పంపితే, సైన్యం వెనక్కి తిరిగి రాజధాని ముందే దిగింది. ఖాళీ బుర్ర ఈసారి వచ్చింది సభ నుంచి కాదు, ఆ శిబిరం నుంచి.