తిండి మానేసిన పిల్లికి మెడలో ట్యూబు వేయించాలా, సిరంజితో పట్టిస్తే సరిపోతుందా?

సుధ:
మా పిల్లి బాగా బొద్దుగా ఉండేది. ఇల్లు మారాక తిండి ముట్టడం మానేసింది. చెవుల లోపలా చిగుళ్ల మీదా పసుపు కనిపించేసరికి డాక్టరు దగ్గరికి పరుగెత్తాం. కాలేయానికి కొవ్వు పట్టిందట, హెపాటిక్ లిపిడోసిస్ అన్నారు. మత్తిచ్చి, మెడ పక్కనుంచి అన్నవాహికలోకి ట్యూబు వేస్తామంటున్నారు. ఇంట్లో ఎవరికీ ఇష్టం లేదు. సిరంజితో నోట్లో పట్టిస్తే చాలదా?

భాస్కర్:
నా ఓటు సిరంజికే. అసలే కాలేయం దెబ్బతిన్నది, దానికి మళ్లీ మత్తా? ఈ జబ్బులో రక్తం కూడా సరిగ్గా గడ్డకట్టదు. ప్రోటీన్ తగ్గించి పలచగా పట్టండి, కాలేయానికి భారం తగ్గుతుంది.

నిర్మల:
పశువైద్యశాలలో పనిచేస్తాను కాబట్టి చెబుతున్నా. భాస్కర్ గారూ, రక్తం సంగతి నిజమే. అందుకే ముందు విటమిన్ కె1 ఇంజెక్షన్ చేస్తారు, సెలైన్‌లో పొటాషియం సర్దుతారు. పిల్లి మరీ నీరసంగా ఉంటే మొదట ముక్కులోంచి సన్న గొట్టం వేస్తారు. దానికి మత్తు అక్కర్లేదు గానీ నీళ్లలాంటి ఆహారమే దిగుతుంది.

ప్రోటీన్ మాట మాత్రం ఒప్పుకోను. పస్తున్నా సరే, పిల్లి ఒంట్లో ప్రోటీన్ ఖర్చు పెద్దగా తగ్గదు. మనం కోత పెడితే కండ కరుగుతుంది. ప్రోటీన్ అరిగినప్పుడు పుట్టే అమోనియాను కాలేయం వదిలించలేక, అది మెదడుకెక్కి పిల్లి చొంగ కారుస్తూ, మగతగా, గోడకు తల ఆనించి నిలబడుతుంటే అది వేరే సంగతి. అప్పుడైనా ఎంత తగ్గించాలో డాక్టరే చెప్పాలి.

ఇక లెక్క చూడండి. 4 కిలోల పిల్లికి రోజుకు సుమారు 200 కిలో కేలరీలు కావాలి. మిల్లీలీటరుకు ఒక కిలో కేలరీ ఉండే ఆహారమైతే 200 మి.లీ. అంటే 5 మి.లీ. సిరంజి 40 సార్లు. ఒళ్లంతా వికారంతో ఉన్న పిల్లి నోరు అన్నిసార్లు తెరిపించగలరా?

భాస్కర్:
మాకు తెలిసిన పిల్లి ఒకటి చెంప పక్కనుంచి పెడితే చక్కగా నాక్కునేది. అన్నీ మొండికేయవు కదండీ.

రాత్రిచిలుక:
నాక్కుంటే అదృష్టమే. మాది సిరంజి చూడగానే మంచం కిందికి దూరేది. బలవంతం చేసేకొద్దీ తిండి వాసనకే మొహం తిప్పేసింది. పట్టేటప్పుడు పొరబోతే ఊపిరితిత్తుల్లోకి పోయే ప్రమాదం ఒకటి. ట్యూబు వేయించాక మాత్రం ఒళ్లో నిద్రపోతుండగానే పెట్టేదాన్ని. గోరువెచ్చని నీళ్లు కాస్త పంపి, ఆహారం పది పదిహేను నిమిషాలు నెమ్మదిగా తోసి, మళ్లీ నీళ్లు. మెత్తగా రుబ్బి వడకట్టకపోతే గొట్టం పూడుకుపోతుంది, తర్వాత మీ తిప్పలు చెప్పనలవి కాదు. మెడ దగ్గర రంధ్రం చుట్టూ రోజూ చూసుకోవాలి, చీము పట్టొచ్చు. వాంతిలో గొట్టం బయటికొచ్చే అవకాశమూ ఉంది. సుఖంగా ఏమీ ఉండదు, కానీ మందులు కూడా అందులోంచే పోతాయి, ఆ ఒక్కదానికే దణ్ణం పెట్టొచ్చు.

నిర్మల:
సుధ గారూ, ఎలా పెట్టినా మొదటి రోజే మొత్తం పెట్టకండి. పావు వంతో, మూడో వంతో మొదలుపెట్టి కొన్ని రోజుల్లో పెంచాలి. ఒక్కసారిగా పెడితే రక్తంలో ఫాస్ఫరస్, పొటాషియం పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. వాంతులకు మందు రాశారో లేదో అడగండి. అసలు తిండి ఎందుకు మానేసిందో కూడా. ఇల్లు మారడం ఒక్కటే కాకపోవచ్చు, క్లోమంలోనో పేగుల్లోనో వాపు ఉందేమో చూడాలి. మన పారాసిటమాల్ మాత్రం పొరపాటున కూడా వేయొద్దు, పిల్లికి అది విషం.

సుధ:
40 సార్లన్న లెక్క చూపించాక మా అత్తయ్య కూడా మెత్తబడ్డారు. ట్యూబుకే ఒప్పుకుంటున్నాం. ఎన్నాళ్లుంచాలి?

నిర్మల:
సాధారణంగా కొన్ని వారాలు, ఒక్కోసారి నెల దాటుతుంది. గిన్నెలోది రెండు ముద్దలు తినగానే తీయించేయకండి. గొట్టంలో ఏమీ పెట్టకపోయినా వారం పాటు తనంతట తాను తిని, బరువు తగ్గకుండా ఉండాలి. తీసేటప్పుడు చాలావరకు మత్తు అక్కర్లేదు, కుట్టు కత్తిరించి లాగేస్తారు. రంధ్రం దానంతటదే మూసుకుంటుంది.