విట్రినైట్ ఒక లెక్క, అపటైట్ ఇంకో లెక్క. హెఫ్టీ సాఫ్ట్‌వేర్‌లో ఒక్క ఉష్ణ చరిత్ర పథమూ దొరకట్లేదు

ముడతరాయి: పొద్దుటి నుంచి ఇదే పని. ముడతలు పడ్డ ఇసుకరాయి, పక్కనే షేల్. షేల్‌లో విట్రినైట్ రిఫ్లెక్టెన్స్ (బొగ్గు లాంటి సేంద్రియ కణాలు వెలుతురును ఎంత తిప్పికొడతాయో ఆ కొలత, వేడి తగిలేకొద్దీ పెరుగుతుంది) 0.95 శాతం. ఇసుకరాయిలో అపటైట్ ఖనిజం ఫిషన్ ట్రాక్ వయసు (యురేనియం విచ్ఛిత్తి గింజలో వదిలిన గీతల్ని లెక్కపెట్టి తీసేది, వేడికి ఆ గీతలు కుదించుకుపోతాయి) 142 మిలియన్ ఏళ్లు, 24 గింజలు, సగటు ట్రాక్ పొడవు 12.1 మైక్రాన్లు. రెండూ కలిపి పెడితే లక్ష పథాలు వెతికి సున్నా అంటోంది. విట్రినైట్ తీసేస్తే వందలకొద్దీ వస్తున్నాయి. క్లోజర్ ఉష్ణోగ్రత (ఇంతకంటే చల్లారాకే ట్రాక్‌లు నిలుస్తాయనే హద్దు) 110 డిగ్రీలు అనుకున్నా. ఏ సెట్టింగ్ మార్చాలి?

గింజలెక్క: డీపార్ (ఎచింగ్, అంటే ఆమ్లంతో తొలిచాక, కనిపించే ట్రాక్ గుంట వ్యాసం; గింజ ట్రాక్‌లు ఎంత తొందరగా చెరుగుతాయో చెబుతుంది) ఎంత? రాయి ఎప్పటిది?

నల్లబొగ్గు: అసలు ఆ 0.95ని ఎందుకు నమ్ముతున్నారు? సగటు కాదు, హిస్టోగ్రామ్ పెట్టండి. పాత రాళ్లు అరిగి కొట్టుకొచ్చిన విట్రినైట్ ఉంటే కుడివైపు ఇంకో గుట్ట కనిపిస్తుంది. దాన్నీ కలిపి సగటు తీస్తే అంకె ఊరికే పెరుగుతుంది. ఘన బిట్యుమెన్‌ని విట్రినైట్ అనుకుని కొలిచేవాళ్లకూ కొదవలేదు. 1.518 వక్రీభవన నూనెలో, 546 నానోమీటర్ల దగ్గరే కొలిచారా? ప్రామాణికంగా రిఫ్లెక్టెన్స్ 0.59 ఉన్న సఫైర్, 0.90 ఉన్న యాగ్ స్ఫటికం రెండూ వాడారా? రిపోర్టులో ఉన్నది గరిష్ఠ రిఫ్లెక్టెన్సా, యాదృచ్ఛిక దిశలో కొలిచిందా?

ముడతరాయి: 52 కణాలు, ఒకటే గుట్ట. గరిష్ఠం అని రాసుంది.

గింజలెక్క: యాదృచ్ఛికానికి మార్చాలంటే 1.066తో భాగించండి. 0.89 వస్తుంది. చిక్కు అలాగే ఉంది. డీపార్?

ఏటవాలు: ఒక్క మాట. క్లోజర్ ఉష్ణోగ్రత అనే మాట ఇక్కడ చెల్లదు. 1973లో డాడ్సన్ ఆ సూత్రం కట్టింది ఒకే దిశలో చల్లారుతూ వచ్చిన ఖనిజం కోసం. మీ ఇసుక ఒకసారి చల్లారి, అవక్షేపమై, పూడి, మళ్లీ వేడెక్కింది. దీనికి చూడాల్సింది పాక్షిక అనీలింగ్ మండలం (ట్రాక్‌లు వేడికి కొంతమేరకే కుదించుకుపోయే ఉష్ణోగ్రతల పరిధి), ఇంచుమించు 60 నుంచి 120 డిగ్రీలు.

నల్లబొగ్గు: అనీలింగ్‌కి తెలుగులో ‘మానిపోవడం’ అంటే సరిపోదా? గాయం మానినట్టే కదా.

ఏటవాలు: గాయం మానినా మచ్చ ఉంటుంది. పూర్తిగా అనీల్ అయిన ట్రాక్‌కి మచ్చ కూడా మిగలదు. ‘చెరిగిపోవడం’ అనండి.

ముడతరాయి: తెలుగు తర్వాత చూద్దామండీ. రాయి దిగువ క్రెటేషియస్, దాదాపు 110 మిలియన్ ఏళ్లు. డీపార్ 19 గింజల్లో 1.6 దగ్గర, ఐదింట్లో 2.3. ఆ 19 గింజల వయసు విడిగా తీస్తే 128.

గింజలెక్క: ఇది మొదటే చెప్పాల్సిన ముక్క. ట్రాక్ వయసు రాయి వయసు కంటే ఎక్కువ, అంటే పూడిన తర్వాత పూర్తిగా రీసెట్ కాలేదు (పాత ట్రాక్‌లన్నీ చెరిగి లెక్క సున్నాకి రాలేదు). 2.3 గింజల్లో క్లోరిన్ ఎక్కువ ఉండొచ్చు, అవి మొండివి, వాటిని ప్రస్తుతానికి పక్కన పెట్టండి. 1.6 గింజలు తొందరగా చెరిగే రకం. 0.89 అంటే మామూలు పూడికలో 125 డిగ్రీల పైమాటే. ఆ వేడిలో వాటిలో పాత ట్రాక్ ఒక్కటి మిగలదు. ‘వేడి ద్రవం కొద్దికాలం పారింది’ అని తప్పించుకోనూ లేరు: మామూలు అపటైట్‌లో ట్రాక్‌లు పూర్తిగా చెరిగే స్థితి, వేడెక్కే వేగం ఏదైనా, ఇంచుమించు 0.7 శాతం రిఫ్లెక్టెన్స్‌తో జతగానే వస్తుంది.

ఎచింగ్ 5.5 మోలార్ నైట్రిక్ ఆమ్లంలో, 21 డిగ్రీల దగ్గర, 20 సెకన్లేనా? 5 మోలార్ అయితే డీపార్ చిన్నదిగా వస్తుంది, డురాంగో అనే ప్రామాణిక అపటైట్ గింజల మీద కొలిచి సరిచేయాలి. మోడల్‌లో 110 మిలియన్ ఏళ్ల దగ్గర, ఇసుక పేరుకున్నప్పటి ఉపరితల ఉష్ణోగ్రత పెట్టె (పథం తప్పక దాటాల్సిన హద్దు) కూడా లేనట్టుంది. పెట్టండి. 1.6, 2.3 గింజల్ని వేరువేరు గుంపులుగా ఇవ్వండి, వాటి పుట్టిళ్లే వేరు కావచ్చు.

ఏటవాలు: హెఫ్టీ మానేసి క్యూటీక్యూటీ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ వాడితే?

గింజలెక్క: అది ఎప్పుడూ ఏదో ఒక పథం ఇస్తుంది. ఇచ్చినంత మాత్రాన డేటా కలిసినట్టు కాదు.

పొరలెక్క: షేల్ ‘పక్కనే’ అన్నారు. ఎంత దూరం? మధ్యలో ఏముంది?

ముడతరాయి: పొరలకు అడ్డంగా 40 మీటర్లు. మధ్యలో మూడు మీటర్ల పట్టీ, నలిగి పొడి పొడిగా, తెల్లటి కాల్సైట్ ఈనెలు. ముడత వల్లే అనుకున్నా.

పొరలెక్క: అది థ్రస్ట్ (ఒక రాతి దిమ్మ ఇంకోదాని మీదికి ఎక్కిన భ్రంశం) అయ్యుండొచ్చు. షేల్ పై దిమ్మలో ఉంటే లోతున వేడెక్కి, తర్వాత మీ ఇసుకరాయి మీదికి ఎక్కింది. రిఫ్లెక్టెన్స్ వెనక్కి తగ్గదు, ఆ గుర్తు అలాగే ఉండిపోతుంది. రెండింటికీ ఒకే ఉష్ణ చరిత్ర కట్టాలంటే ఏ సాఫ్ట్‌వేరూ కట్టలేదు. పట్టీకి రెండు వైపులా నాలుగైదు షేల్ నమూనాలు తీయండి, నలిగిన చోట వద్దు. సమ రిఫ్లెక్టెన్స్ గీతలు (ఒకే అంకె ఉన్న చోట్లను కలిపేవి) పొరలతో పాటు వంగితే వేడి ముడతకు ముందుది, పొరల్నీ పట్టీనీ కోసుకుంటూ పోతే తర్వాతది. పట్టీ దగ్గర అంకె ఒక్కసారిగా మారితే ఆ కదలిక వేడి తర్వాతే జరిగింది. అప్పుడు మీ 128 వృథా కాదు: పై దిమ్మ ఇసుకరాయిని ఎంత మందాన కప్పిందో దానికో పైహద్దు ఇస్తుంది.

ముడతరాయి: సరేనండీ, ఇటువైపు షేల్ ఉందేమో చూస్తా. థాంక్స్.

నల్లబొగ్గు: కొత్త నమూనాలకు హిస్టోగ్రామ్ అడగడం మర్చిపోకండి. ‘చెరిగిపోవడం’ మాత్రం నాకింకా నచ్చలేదు, పాక్షికంగా కుదించుకుపోయినవాటిని ఏమంటారు మరి?