డాలర్లు ఏ దారిన రావాలి? పేపాల్ మాత్రమే అనే ఏజెన్సీ పని ఒప్పుకోవాలా, వద్దా?

ఇసుకతిన్నె (కలం పేరు), రాజమహేంద్రవరం

ఇంగ్లిష్ నుంచి తెలుగులోకి వైద్య పత్రాలు అనువదిస్తాను. కొత్త మందుల పరీక్షల్లో పాల్గొనేవారు సంతకం చేసే సమ్మతి పత్రాలు, రోగుల ప్రశ్నావళులు ఎక్కువ. ఇన్నాళ్లూ హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకే చేశాను. డబ్బు నేరుగా ఖాతాలో పడేది, ఆలోచించే పనే లేదు. ఇప్పుడు విదేశాల నుంచి రెండు ఏజెన్సీలు పిలిచాయి. అమెరికా ఏజెన్సీ పేపాల్ అనే ఆన్‌లైన్ చెల్లింపు సేవలో తప్ప ఇవ్వనంటోంది. యూరప్ ఏజెన్సీ నమోదు పత్రంలో ఐబాన్ (అక్కడి బ్యాంకులు వాడే అంతర్జాతీయ ఖాతా సంఖ్య) గడి నింపనిదే తర్వాతి పేజీ తెరుచుకోవడం లేదు. మన బ్యాంకు ఖాతాలకు ఐబాన్ ఉండదు కదా.

ఈ రంగంలో బాగా అనుభవమున్న ఒకరిని అడిగితే, "పేపాల్ అనేవాళ్ల పని ముట్టుకోవద్దు, బ్యాంకుకు వేసేవాళ్లే అసలైన క్లయింట్లు" అన్నారు. నాకు ఆ మాట మింగుడు పడలేదు. మొదటి పని 200 డాలర్లకు మించదు. దానికోసం పంతం పట్టాలా? ఇరువైపులా వాదనలు వినాలని ఉంది.

కొలబద్ద

పంతం పట్టాల్సిందే. ఎందుకో అంకెలే చెబుతాయి.

విదేశాల నుంచి వచ్చే వ్యాపార చెల్లింపు మీద పేపాల్ 4.4 శాతం, పైన 30 సెంట్లు తీసుకుంటుంది. 200 డాలర్లలో 9 డాలర్ల 10 సెంట్లు అక్కడే పోయాయి. మిగిలిన 190 డాలర్ల 90 సెంట్లను రూపాయలుగా మార్చేటప్పుడు మార్కెట్ రేటు కన్నా మూడు నాలుగు శాతం తక్కువ కట్టి ఇస్తుంది. నాలుగు శాతం అనుకుంటే ఇంకో 7 డాలర్ల 60 సెంట్లు. మొత్తం పదహారున్నర డాలర్ల పైమాట. మీ రేటు పదానికి 6 సెంట్లు అయితే అందులో అర సెంటు మీది కాదన్నమాట. అదే 2,000 డాలర్ల ఇన్‌వాయిస్ అయితే పోయేది దాదాపు 165 డాలర్లు.

రెండో కోత ఇన్‌వాయిస్‌లో కనబడదు, రసీదులో కనబడదు. మారకం రేటు అనే పేరుతో జరుగుతుంది కాబట్టి చాలామంది 4.4 శాతమే పోయిందనుకుంటారు. డబ్బు పడిన రోజు మార్కెట్ రేటు పక్కన మీకు కట్టిన రేటు రాసుకోండి. నాకు కోపం తెప్పించేది ఆ తేడాయే.

పేపాల్ ఖాతాలోనే డాలర్లు ఉంచుకుని, రేటు బాగున్న రోజున మార్చుకుందామంటే మన దేశంలో కుదరదు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం ఆ సొమ్ము మన బ్యాంకు ఖాతాకు వెళ్లిపోవాల్సిందే.

వేగుచుక్క

కొలబద్ద గారి కూడికలు సరిగ్గానే ఉన్నాయి. కానీ బ్యాంకు వైపు కూడిక వేయకుండా ఆపేశారు. అదీ వేద్దాం.

200 డాలర్లు స్విఫ్ట్ ద్వారా, అంటే దేశాల మధ్య బ్యాంకు బదిలీగా పంపారనుకోండి. పంపే బ్యాంకుకూ మన బ్యాంకుకూ మధ్య ఒకటో రెండో మధ్యవర్తి బ్యాంకులు ఉంటాయి. వాటిలో ఒకటి 25 డాలర్లు కోసుకుంటే అప్పుడే పన్నెండున్నర శాతం పోయింది. తర్వాత మన బ్యాంకు విదేశీ జమ రుసుము, మారకంలో తేడా, మార్పిడి మీద జీఎస్టీ. ఈ జీఎస్టీ చిన్నదే, కనీసం 45 రూపాయలు, దాన్ని పట్టించుకోనక్కరలేదు. కానీ మధ్యవర్తి బ్యాంకు ఎంత కోస్తుందో ముందుగా చెప్పేవారే ఉండరు. ఒకే క్లయింట్ ఒకే మొత్తం పంపినా ఒక నెల ఒకలా, ఇంకో నెల ఇంకోలా పడుతుంది. పేపాల్ కోత పెద్దదే అయినా ముందే తెలుస్తుంది, ముందే తెలిసినదాన్ని రేటులో కలుపుకోవచ్చు.

స్విఫ్ట్‌లో 25 డాలర్లు, మన బ్యాంకు వైపు ఒకటిన్నర శాతం పోతాయనుకుని రెంటినీ పోల్చి చూడండి. దాదాపు 375 డాలర్ల వరకు పేపాలే చౌక. ఆపైన బ్యాంకు చౌక. ఇసుకతిన్నె గారి మొదటి పని 200 డాలర్లు. ఇక్కడ బ్యాంకు కోసం పట్టుబడితే ఆవిడకే నష్టం.

పేపాల్ వాడేవారంతా అసలైన క్లయింట్లు కారన్న మాట నాకు బాధ కలిగించింది. ఇద్దరు ముగ్గురు మనుషులు నడిపే చిన్న ఏజెన్సీలు, ఒకే ఒక్క పత్రం అనువదించుకునే ప్రవాస కుటుంబాలు, స్వచ్ఛంద సంస్థలు ఇలాగే చెల్లిస్తాయి. మనం పని నేర్చుకున్నది వాళ్ల దగ్గరే.

నల్లరేగడి

ఇద్దరూ శాతాల దగ్గరే ఆగిపోయారు. నేను మొదట అడిగే ప్రశ్న వేరు: వచ్చిన డబ్బు వెనక్కి పోగలదా?

నాకు జరిగింది చెబుతాను. కొత్త క్లయింట్, ఒక యంత్రం వాడకపు పుస్తకం. పని అప్పగించాను, మెచ్చుకుంటూ ఉత్తరం రాశారు, డబ్బు వచ్చింది, ఖర్చూ అయిపోయింది. కొన్ని నెలల తర్వాత, సరుకు అందలేదంటూ ఆ మనిషి తన కార్డు బ్యాంకుకు ఫిర్యాదు చేశాడు. మధ్యలో ఉన్న చెల్లింపు సంస్థ ఆ మొత్తాన్ని నా లెక్కలో రుణంగా వేసింది. నేను పంపిన ఫైలు, మెచ్చుకోలు ఉత్తరం అన్నీ చూపించాను. పార్సిల్ నంబరు ఉందా అని అడిగారు! అనువాదానికి పార్సిల్ నంబరు ఎక్కడిది? ఆ సంస్థ పేరు ఇక్కడ అనవసరం. కార్డు ద్వారా డబ్బు వచ్చే ఏ దారిలోనైనా ఈ ప్రమాదం ఉంది. మన చేతిలోంచి వెళ్లేది కంటికి కనబడే వస్తువు కాదు కాబట్టి రుజువు చేసే బరువంతా మన మీదే పడుతుంది.

బ్యాంకు బదిలీ అలా కాదు. ఒకసారి ఖాతాలో పడ్డాక మన అనుమతి లేకుండా లాక్కోవడం అంత తేలిక కాదు. అందుకే ముక్కూ మొహం తెలియని క్లయింట్ దగ్గర ఒక శాతం ఎక్కువ పోయినా నేను బ్యాంకు వైపే ఉంటాను.

దీనికి తోడు పాత మోసం ఒకటి ఇప్పటికీ నడుస్తోంది. అడిగినదానికన్నా ఎక్కువ మొత్తానికి చెక్కు పంపుతారు, "పొరపాటున ఎక్కువ వచ్చింది, మిగతాది తిరిగి పంపండి" అంటారు. మనం పంపేస్తాం, వాళ్ల చెక్కు వారాల తర్వాత చెల్లదని తేలుతుంది. అనువాదకులను ఏరి మరీ పట్టుకుంటారు. ఎక్కువ వచ్చిందంటే పైసా కూడా తిరిగి పంపకండి, చెక్కు సంగతి బ్యాంకే తేల్చాలి.

వేగుచుక్క

నల్లరేగడి గారూ, మీకు జరిగింది అన్యాయమే. కానీ అది క్లయింట్‌ను చూసుకోవాల్సిన విషయం. ప్రోజ్ అనే అనువాదకుల సైటులోని బ్లూ బోర్డులో ఏజెన్సీల చెల్లింపు తీరు మీద తోటి అనువాదకులు రాసిన మాటలుంటాయి. ముందు అది చూడాలి. ఎగ్గొట్టేవాడు బ్యాంకు బదిలీకి ఒప్పుకుని కూడా ఎగ్గొడతాడు. అప్పుడు వెనక్కి పోవడానికి అసలు డబ్బే రాదు.

రైన్ ఒడ్డు

జర్మనీలో ఒక అనువాద ఏజెన్సీలో ప్రాజెక్టులు చూసుకుంటాను. బల్లకు ఇవతలి వైపు నుంచి నాలుగు మాటలు.

ఐబాన్ గడి గురించి ముందుగా. యూరో దేశాల్లో సెపా అనే బదిలీ వ్యవస్థ ఉంది. నెలాఖరున లెక్కల విభాగం వందలాది అనువాదకుల వివరాలు ఒకే ఫైలులో పెట్టి బ్యాంకుకు ఇస్తుంది, దాదాపు ఖర్చు లేకుండా అందరికీ డబ్బు వెళ్తుంది. భారతదేశంలో ఉన్న అనువాదకురాలి ఖాతా ఆ ఫైలులో ఇమడదు. ఆవిడ కోసం ఒకరు విడిగా కూర్చుని స్విఫ్ట్ కోడ్, శాఖ చిరునామా కొట్టాలి, ప్రతిసారీ రుసుము కట్టాలి. మా వాళ్లు మీ మీద అపనమ్మకంతో ఐబాన్ అడగడం లేదు. ఫైలు తయారుచేసినవారికి ఐబాన్ లేని దేశం ఒకటి ఉంటుందన్న ఆలోచనే రాలేదు.

దీనికి తేలికైన దారి పేయోనీర్ లాంటి సంస్థలు ఇచ్చే యూరో ఖాతా వివరాలు. అందులో ఐబాన్ ఉంటుంది. మా దృష్టిలో అది యూరప్‌లోని మామూలు ఖాతా. డబ్బు సెపాలో వెళ్తుంది, అక్కడి నుంచి రూపాయల్లో మీ బ్యాంకుకు చేరుతుంది. మార్పిడికి రెండు మూడు శాతం పోతుంది, ఏడాదిలో వచ్చిన మొత్తం ఒక మేరకు తగ్గితే వార్షిక రుసుము కూడా వేస్తారు. కాబట్టి ఏడాదికి ఒకటి రెండు పనులే చేసేవారికి గిట్టదు, నెలనెలా పని ఉన్నవారికి బాగుంటుంది.

ఇంకొకటి. పేపాల్ ఫీజు అని ఇన్‌వాయిస్‌లో విడిగా పద్దు రాయకండి. పని ఆర్డరులోని మొత్తానికీ ఇన్‌వాయిస్ మొత్తానికీ ఒక్క సెంటు తేడా ఉన్నా మా వ్యవస్థ దాన్ని పక్కన పడేస్తుంది. తర్వాత దాన్ని ఎవరు తెరుస్తారో, ఎప్పుడు తెరుస్తారో నేను కూడా చెప్పలేను. రేటు మాట్లాడే రోజునే ఆరున్నర సెంట్లు అనండి. ఆ రోజున బేరమాడే అధికారం నాకు ఉంటుంది. పని అయ్యాక నాకు ఉండదు.

చిట్టాఆవర్జా

లెక్కలు రాసే వృత్తిలో ఉన్నాను, నా దగ్గరకు వచ్చేవారిలో అనువాదకులు కొందరున్నారు. మీ చర్చలో కాగితం ఊసే రాలేదు. శాతాల కన్నా అదే ఎక్కువ ఏడిపిస్తుంది.

విదేశాల నుంచి వచ్చే ప్రతి జమకూ, అది దేనికోసం వచ్చిందో చెప్పే ఒక పర్పస్ కోడ్ బ్యాంకు వేస్తుంది. మనం చెప్పకపోతే శాఖలో కూర్చున్నవారు తమకు తోచినది వేస్తారు. ఒక అనువాదకురాలి ఏడాది జమలన్నీ పి1301 కింద కనబడ్డాయి. ఆ కోడ్ అర్థం, విదేశాల్లోని భారతీయులు కుటుంబ పోషణకూ పొదుపుకూ పంపిన డబ్బు అని. ఆవిడకు విదేశాల్లో బంధువులెవరూ లేరు! ఇన్‌వాయిస్‌లన్నీ జతచేసి ఉత్తరం రాసి, శాఖ చుట్టూ తిరిగి సరిచేయించుకోవలసి వచ్చింది. మొదటి చెల్లింపు రాకముందే సేవల ఎగుమతి అని శాఖకు రాసి ఇచ్చి, ఏ కోడ్ వేస్తారో అడిగి తెలుసుకోండి.

రెండోది విదేశీ జమ ధ్రువపత్రం, ఎఫ్‌ఐఆర్‌సీ అనో ఎఫ్‌ఐఆర్‌ఏ అనో అంటారు. సేవల ఆదాయం ఏడాదికి 20 లక్షల రూపాయలు దాటనంతవరకు మీకు సాధారణంగా జీఎస్టీ నమోదు అక్కరలేదు. దాటితే సేవల ఎగుమతికి పన్ను సున్నా అవుతుంది, అయితే ప్రతి ఆర్థిక సంవత్సరానికీ ఎల్‌యూటీ అనే హామీపత్రం దాఖలు చేయాలి. ఎగుమతి అనిపించుకోవడానికి చట్టం పెట్టిన షరతుల్లో ఒకటి, సొమ్ము మార్పిడికి వీలైన విదేశీ ద్రవ్యంలోనో, రిజర్వు బ్యాంకు అనుమతించిన చోట రూపాయల్లోనో రావాలని. వైజ్ లాంటి సేవతో క్లయింట్ పంపితే మారకం రేటు చాలా బాగుంటుంది, నిజమే. కానీ మీ ఖాతాలో అది ఇక్కడి బ్యాంకు నుంచి వచ్చిన రూపాయల బదిలీలా పడవచ్చు. పాస్‌బుక్కు చూసిన అధికారికి అది ఎగుమతి అని ఎలా తెలుస్తుంది? ధ్రువపత్రం అడిగి తీసుకుంటే గాని రుజువు ఉండదు. ఏ పద్ధతి ఎంచుకున్నా, "ఆ కాగితం ఇస్తారా, ఎంతకు ఇస్తారు" అనేది మొదటి ప్రశ్న కావాలి.

పదే పదే వచ్చే ఇంకో ప్రశ్నకూ జవాబు ఇక్కడే. వెస్టర్న్ యూనియన్ లాంటి నగదు బదిలీలు మన దేశంలోకి వ్యక్తిగత అవసరాలకే అనుమతించారు. వృత్తి ఆదాయం ఆ దారిన తీసుకోకూడదు.

కొత్తచిగురు

ఇంత తలనొప్పి ఎందుకు? క్లయింట్‌కు అభ్యంతరం లేకపోతే డాలరుతో ముడిపడిన క్రిప్టో నాణేల్లో తీసుకోవచ్చు కదా. నిమిషాల్లో వస్తుంది, మధ్యవర్తి బ్యాంకు లేదు, కోత లేదు.

చిట్టాఆవర్జా

వద్దు బాబూ. అది చట్టం దృష్టిలో విదేశీ ద్రవ్యం కాదు, కాబట్టి ఎగుమతి లెక్కలోకి రాదు, ధ్రువపత్రం రాదు. అమ్మేటప్పుడు లాభం మీద 30 శాతం పన్ను, అమ్మకం మీద 1 శాతం టీడీఎస్ 2022 నుంచి ఉన్నాయి. వృత్తి ఆదాయం మీద పన్ను మామూలుగా ఉండనే ఉంటుంది. కోత లేదని వెళ్లి అన్నిటికన్నా పెద్ద చిక్కులో పడతారు.

ఇసుకతిన్నె

అందరికీ ధన్యవాదాలు. నాకు అర్థమైంది ఇది. అమెరికా ఏజెన్సీ గురించి బ్లూ బోర్డులో చూశాను, ఫిర్యాదులు లేవు. ఆరున్నర సెంట్లు అడిగాను, ఒప్పుకున్నారు. మొదటి పని పేపాల్‌లోనే తీసుకుంటాను. నెల మొత్తం 500 డాలర్లు దాటితే బ్యాంకు బదిలీకి మారాలని ఇప్పుడే ఉత్తరంలో రాయించుకున్నాను. యూరప్ వారికి పేయోనీర్ యూరో ఖాతా ఇస్తాను. బ్యాంకుకు పర్పస్ కోడ్ ఉత్తరం సోమవారం ఇచ్చేస్తాను.

కొలబద్ద

మీ నిర్ణయం మీది, కానీ నా అభ్యంతరం అలాగే ఉంది. పేపాల్ వద్దంటే ఏజెన్సీ వెళ్లిపోతుందన్న భయంతోనే మనమందరం ఒప్పుకుంటున్నాం. రిజర్వు బ్యాంకు పెట్టిన ఒక్కో చెల్లింపుకు 500 డాలర్ల పరిమితి 2011లో పేపాల్‌లో అమల్లోకి వచ్చింది. అప్పుడు ఇన్‌వాయిస్‌లను ముక్కలు చేయడం ఇష్టంలేని ఏజెన్సీలు స్వయంగా బ్యాంకు దారి వెతుక్కున్నాయి. పరిమితి అదే ఏడాది 3,000కు, 2013లో 10,000 డాలర్లకు పెరిగింది, మళ్లీ అందరూ పాత దారికే వచ్చారు. అంటే వాళ్లకు వేరే దారి లేక కాదు, మనం అడగక.

రైన్ ఒడ్డు

దీంట్లో నిజం ఉంది. మా దగ్గర తెలుగు అనువాదకుల్లో బ్యాంకు బదిలీ కావాలని అడిగినవారికి ఏర్పాటు చేశాం. రుసుము మేమే భరించేలా స్విఫ్ట్‌లో "అవర్" అనే ఎంపిక ఉంటుంది, అది పెట్టమని ఇన్‌వాయిస్ కింద ఒక వాక్యం రాస్తే చాలు. అయినా మధ్యవర్తి బ్యాంకు ఎప్పుడైనా కోస్తే స్విఫ్ట్ రసీదు నకలు మమ్మల్ని అడగండి. ఏ బ్యాంకు ఎంత తీసుకుందో అందులో కనబడుతుంది, తేడాను తర్వాతి ఇన్‌వాయిస్‌లో కలుపుకోమని మేమే చెబుతాం.