పిల్లల ఆటలకని వీలునామాలో జాగ రాస్తే చివరికి అది ఎవరి చేతిలో పడుతుంది?

హంటర్‌రోడ్ మేనల్లుడు:
మా మేనమామ రిటైర్డ్ టీచర్. జీతం డబ్బులతో హన్మకొండలో ఎప్పుడో ఆరువందల గజాల ప్లాటు కొన్నారు. ఆ ప్లాటూ, బ్యాంకులో ఉన్న పది లక్షలూ తన తర్వాత కాలనీ పిల్లల ఆటలకు, చిన్న పార్కుకు చెందాలని వీలునామా రాస్తానంటున్నారు. కార్పొరేషన్ పేరున రాయాలా, ట్రస్టు పెట్టాలా? తెలిసినవాళ్లు చెప్పండి.

పరకాల రాజన్న:
ముందు రిజిస్టర్ చేయించండి. రిజిస్టర్ కాని వీలునామా చిత్తు కాగితమే.

సుబేదారి వకీలు:
కాదండి. వీలునామాకు రిజిస్ట్రేషన్ తప్పనిసరి కాదు, ఇద్దరు సాక్షుల సంతకాలు ఉండాలి. బతికున్నంత కాలం ఆయన దాన్ని మార్చుకోవచ్చు. ఇప్పుడే ఇచ్చేస్తే అది దానపత్రం అవుతుంది, దానికి మాత్రం రిజిస్ట్రేషన్ తప్పదు. స్వార్జితం కాబట్టి ఎవరికైనా రాసే హక్కు ఆయనకుంది. రిజిస్టర్ చేయిస్తే తర్వాత లొల్లి తగ్గుతుంది, చేయించడమే మంచిది. చెల్లదనడం మాత్రం సరికాదు.

పరకాల రాజన్న:
మీరు చట్టం చెప్తున్నారు, నేను జరిగేది చెప్తున్నా.

కాజీపేట కోచ్:
ఆ జాగలో పిల్లలు ఏం ఆడతారో ఎవరూ మాట్లాడరేం? ఆరువందల గజాల్లో క్రికెట్ కుదరదు, రన్నింగ్ కుదరదు. కబడ్డీ కోర్టుకు 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు కావాలి, వాలీబాల్‌కు 18, 9. చుట్టూ కాస్త ఖాళీ వదిలితే ఏదో ఒకటి బాగా పడుతుంది. 2021లో నేషనల్ ఓపెన్ అథ్లెటిక్స్ మన జేఎన్ స్టేడియంలోనే జరిగాయి, సంతోషమే. కానీ పదేళ్ల ఆడపిల్ల రోజూ సాయంత్రం ఆటో ఎక్కి అంత దూరం పోతుందా? కానిస్టేబుల్ ఈవెంట్స్‌కు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో ఉరకాలి, మా పోరగాళ్లు చీకటితోనే లారీలు తిరిగే రోడ్డు మీద ప్రాక్టీస్ చేస్తున్నారు. పర్వతగిరి మండలం కల్లెడ బిడ్డ దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్లలో కాంస్యం తెచ్చింది. అట్లాంటి పిల్ల మన గల్లీలో ఉన్నా, ఉరికే జాగ లేకపోతే ఎవరి కంట పడుతుంది?

ఇంకో మాట. పది లక్షలకు 7 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 70 వేలు, నెలకు ఆరు వేలు కూడా కాదు. వాచ్‌మన్ జీతానికే చాలదు. మేము వాడే లాంగ్ జంప్ పిట్‌లో ఇసుక తవ్వి గుల్ల చేసే మనిషి లేడు. వానకు తడిసి, ఎండకు ఎండి గచ్చులా గట్టిపడింది, మొన్న ఒక పిల్ల మడమ వాచిపోయింది. జాగ ఇవ్వడం ఒక ఎత్తు, దాన్ని నడిపించడం ఒక ఎత్తు.

వడ్డేపల్లి అక్క:
పార్కు అని కూడా అన్నారు కదా. భద్రకాళి బండ్ దాకా రోజూ పోలేం. చుట్టూ ట్రాక్, కొంచెం లాన్, నాలుగు బెంచీలు ఉంటే ఆడవాళ్లకు చాలా మేలు.

కాజీపేట కోచ్:
లాన్ వేసిన మర్నాడే ‘ఆటలు ఆడరాదు’ అని బోర్డు పెడతారక్కా. మా లేఅవుట్‌లో పది శాతం ఖాళీ జాగ వదిలారు, పార్కు చేశారు, సాయంత్రం గేటుకు తాళం. పిల్లలు గోడ దూకితే బాల్ గుంజుకుంటారు.

వడ్డేపల్లి అక్క:
బాల్ తగిలి మా అత్తమ్మ కళ్లద్దాలు పగిలాయి. ఆ సంగతి కూడా రాయండి.

పరకాల రాజన్న:
బెంచీలు, బాల్‌లు తర్వాత. రిజిస్ట్రేషన్ లేకపోతే ఏదీ నిలవదని మళ్లీ చెప్తున్నా.

ములుగురోడ్ స్టూడెంట్:
అంకుల్, మీ కోపం కాగితం మీదనా, ఇచ్చేవాళ్ల మీదనా?

పరకాల రాజన్న:
చెప్తా విను. మా బాపు ఊరి బడి గ్రౌండ్‌కని ఎకరం జాగ నోటిమాట మీద ఇచ్చాడు. ఇప్పుడు దాంట్లో రోడ్డు వైపు షట్టర్లు లేచాయి, కిరాయి ఎవరి జేబులోకి పోతుందో ఊరందరికీ తెలుసు. అది కూడా పోనీ. ఆ ఏడాదే మా చెల్లె పెళ్లికి నేను మూడు రూపాయల మిత్తికి పైసలు తెచ్చాను. ఎకరం ఇచ్చేముందు మా అమ్మను అడగలేదు, నన్ను అడగలేదు. శాలువా బాపుకు కప్పారు, మిత్తి నేను కట్టాను. మేనల్లుడు గారూ, మీ మామ పిల్లలకు ఈ సంగతి తెలుసా?

హంటర్‌రోడ్ మేనల్లుడు:
పెద్ద బావకు తెలుసు. చిన్న బావకు, వదినకు చెప్పలేదు. చెబితే అడ్డం పడతారని మామయ్య భయం.

కాజీపేట కోచ్:
ఆయన కష్టార్జితం, ఆయన ఇష్టం. ఇంట్లో అందరూ ఊ అంటేనే దానం చేయాలంటే పిల్లలకు ఎక్కడా గ్రౌండ్ మిగలదు.

పరకాల రాజన్న:
ఊ అనాలని నేను అనలేదు. చెప్పాలన్నాను. చెప్పకుండా ఇస్తే ఆ గ్రౌండ్‌ను కాపాడటానికి ఇంట్లో ఎవడు ముందుకొస్తాడు? షట్టర్లు లేస్తుంటే నేను ఎందుకు పోయి అడగలేదనుకున్నారు?

సుబేదారి వకీలు:
ఈ మాటతో నేను ఏకీభవిస్తా. తండ్రి పోయాక వీలునామా మొదటిసారి చూసినవాళ్లే ఎక్కువగా కోర్టుకు వస్తారు. నా సలహా, బతికుండగానే ట్రస్టు పెట్టండి, కూతురునో కొడుకునో ట్రస్టీగా కూర్చోబెట్టండి. జాగ ఆటలకే వాడాలి, అమ్మకూడదు, షట్టర్లు కట్టకూడదు అని పత్రంలో విప్పి రాయించండి. పబ్లిక్ ట్రస్టు దారి తప్పితే సివిల్ ప్రొసీజర్ కోడ్ 92వ సెక్షన్ కింద, దానితో సంబంధం ఉన్న ఇద్దరు కోర్టు అనుమతి తీసుకుని దావా వేయొచ్చు. అంటే ఆ కాలనీవాళ్లకే అడిగే దారి ఉంటుంది.

వడ్డేపల్లి అక్క:
పొద్దున వాకింగ్‌కు, సాయంత్రం ఆటలకు అని టైము కూడా రాయించండి.

కాజీపేట కోచ్:
పొద్దున ఏడు దాకా అయితే సరే. సెలవుల్లో ఒప్పుకోను.

హంటర్‌రోడ్ మేనల్లుడు:
ఆదివారం మామయ్య ఇంట్లో అందరం కూర్చుంటున్నాం. వకీలు గారూ, వదిన కరీంనగర్‌లో ఉంటుంది, ట్రస్టీగా ఉండటానికి ఇబ్బంది లేదు కదా? కోచ్ గారూ, వాలీబాల్ కోర్టుకు, ఏడాది మెయింటెనెన్స్‌కు ఎంతవుతుందో లెక్క వేసి పెట్టండి.

పరకాల రాజన్న:
మీ చిన్న బావకు ఈ రాత్రే ఫోన్ చేయించండి. మామయ్యతోనే చెప్పించండి, మీరు చెప్పకండి.