ఈ వారం సమస్య: "కొమ్మలెక్కి జింక కోసె పండ్లు"

నిర్వాహకురాలు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను. జింక చెట్టెక్కదు కాబట్టి, అర్థం పొసిగేలా పై మూడు పాదాలూ మీరు పూరించాలి. గిండీ పార్కు మన చెన్నై నడిబొడ్డునే ఉంది కాబట్టి చుక్కల జింకను చూడనివాళ్లు ఇక్కడ తక్కువ. చమత్కారం ఒక్కటే చాలదు, పూరణలో అడవి మేత సంగతి నిజంగా ఉండాలి.

వేళచ్చేరి మూర్తి:
వేసవెండ గడ్డి వెలవెల బోయిన
నాకలేల నీకు నడవిలోన
కొండముచ్చు నేడు కూరిమి మీరగా
కొమ్మలెక్కి, జింక! కోసె పండ్లు

నిర్వాహకురాలు: జింకను సంబోధనగా విరవడం చాలా బాగుంది మూర్తిగారూ. 'కూరిమి' మాత్రం ఒప్పుకోను. కొండముచ్చు ప్రేమతో కోయదు. కాయనో చిగురునో కొంత కొరికి మిగతాది కింద పారేస్తుంది. ముదుమలై లాంటి అడవుల్లో జింకలు ఆ చెట్ల కిందే చేరి ఏరుకు తింటాయి. మూడో పాదం "కొండముచ్చు తినుచు కొన్ని తా రాల్చుచు" అంటే గణాలూ యతీ సరిపోతాయి, నిజమూ నిలుస్తుంది.

అడయారు వాణి:
రాలు నుసిరి మింగి, రాత్రి నెమరు వేసి
గింజ నుమియు జింక కెవరు సాటి
నేలమీద మేత నిండగా, నదియేల
కొమ్మలెక్కి జింక కోసె పండ్లు?

ఉసిరి గింజ గట్టిది. జింక దాన్ని నెమరు వేసేటప్పుడు, పడుకున్న చోట ఉమ్మేస్తుంది. అలా అది తల్లిచెట్టుకు దూరంగా పడుతుంది.

వేళచ్చేరి మూర్తి: మొదటి పాదాలు నాకు తెగ నచ్చాయమ్మా. కానీ 'ఏల కోసె' అంటే కోసినట్టే కదా, సమస్య తీరలేదు. "నిండగా నెప్పుడు" అని చూడండి.

అడయారు వాణి: మార్చాను, ఇప్పుడు సరిగ్గా కాదన్నట్టే వినిపిస్తోంది. థాంక్స్ అండీ.

నిర్వాహకురాలు: ఇద్దరివీ తీసుకుంటున్నాను. ఒక్క వెలితి ఉంది. వానలు పడ్డాక లేత గడ్డిలో మాంసకృత్తులు ఎక్కువ, జింక దాన్నే మేస్తుంది. అది ముదిరి పీచెక్కాక పొదల ఆకులకీ, రాలిన పూలకీ, కాయలకీ మళ్లుతుంది. ఒకే రకం ఆకు ఎక్కువైతే అందులోని వగరు ఒంటికి పడదు, అందుకే నాలుగు రకాలూ కొంచెం కొంచెం తింటుంది. చలికాలంలో ఉసిరి అయిపోయినా ఏడాదిలో పలుమార్లు కాసే మేడి ఉంటుంది. చెట్లన్నీ ఒకే జాతివైతే కాపు లేని నెలల్లో పస్తే. లాంటానా అనే కలుపు పొద దట్టంగా అల్లుకున్న చోట గడ్డీ పోతుంది, మొలకలూ పోతాయి. లాంటానా మీద ఇంకా ఎవరూ రాయలేదు. శనివారం దాకా గడువు పెంచుతున్నాను.